జోడు తెరచాపల మీద హట్ బేకి

అండమాన్ వెళ్లొచ్చానని చెప్పగానే మా కాకినాడలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, "జైలు చూశావా?" అని. చూడలేదు. రెండో ప్రశ్న, "పగడాలు చూశావా?" అని. అవీ చూడలేదు. "మరి అన్ని రోజులు ఏం చేశావమ్మా?" అంటే, తెరచాప కుట్టాను అని చెబుతున్నాను. నమ్మేవాళ్లు నమ్ముతున్నారు, మిగతావాళ్లు నవ్వుకుంటున్నారు. ఎవరికి వాళ్లకు విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను మహిళా ఐటీఐలో కుట్టుపని నేర్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లల్లో రూతు ఒకతె. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగు పిల్ల. కాకినాడలో మేనత్త ఇంట్లో ఉండి కోర్సు పూర్తిచేసి వెళ్లింది. ఇప్పుడు అక్కడ డైరీ ఫార్మ్ అనే పేటలో స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతోంది. క్రిస్మస్ ముందు ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక పెద్ద కటింగ్ ఉంది. నాకు ధైర్యం చాలడం లేదు. మీరొచ్చి కత్తిరించండి, నేను కుడతాను."

"ఏమిటే అది, పెళ్లి గౌనా?"

"తెరచాప మేడమ్."

మా ఆయన పక్క నుంచి విని, "గోదావరిలో లాంచీ ఎక్కితేనే కళ్లు తిరిగిన మనిషివి" అని గుర్తుచేశాడు. కత్తిరించడానికి వెళ్తున్నాను గానీ ఎక్కడానికి కాదన్నాను. ఆ మాట మీద నేను నిలబడలేదు.

డైరీ ఫార్మ్

ఊరి పేరు కాగితాల మీద శ్రీ విజయపురం అయింది గానీ బస్సు కండక్టరు దగ్గర్నుంచి రూతు దాకా అందరూ ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. రూతు దుకాణం మొబైల్ రీఛార్జి కొట్టు పక్కన, ఒక్క గది. లోపల మూడు మిషన్లు, గోడ నిండా నీలం గౌన్లు. నేను వెళ్లగానే అలవాటుకొద్దీ ఒక గౌను తిప్పి కుట్టు చూశాను. బాగుంది. ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది.

రూతు భర్త శామ్యూల్ పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. ముంబయి నుంచి తెరచాప పడవలో వచ్చిన ఒక పెద్దమనిషి, ఆరోగ్యం చెడి విమానంలో తిరిగి వెళ్తూ, ఆ పాత పడవను ఇతనికి ఇచ్చేసి పోయాడట. ఐదుగురు ఇరుకుగా పట్టే పడవ. ముందు భాగాన కట్టే తెరచాప దానికి ఒక్కటే ఉంది. శామ్యూల్‌కి అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలి.

"రెండెందుకయ్యా? ఒకటి చిరిగితే ఇంకొకటా?" అని అడిగాను.

"నహీ మేడమ్, రెండూ ఏక్ సాథ్ కడతాం" అని టీ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ చెరోవైపు చాచి చూపించాడు.

నాకు అర్థమైనంతలో చెబుతాను. శీతాకాలంలో అక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, వేసవి ముదిరి వానలు వచ్చేదాకా దిక్కు మారదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి దక్షిణానికి వెళ్లే పడవకు అది వీపు మీది గాలి. అలాంటప్పుడు నడిమి కొయ్యకుండే పెద్ద తెరచాప వాడితే కష్టం. పడవ కాస్త పక్కకు తిరిగితే చాలు, దాని అడుగునున్న దుంగ ఇటు నుంచి అటు విసురుగా వచ్చి తల పగలగొడుతుంది. అందుకని దాన్ని దించేసి, ముందు భాగంలో మూడు కోణాల తెరచాపలు రెండు ఎత్తుతారు. ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి వెదురు గెడలతో బయటికి నెట్టి కడతారు. అవి జోడెడ్లలా ముందు నుంచి పడవను లాక్కుపోతాయి. రెండూ సమానంగా లాగితే పడవ తిన్నగా పోతుంది, చుక్కాని మీద ఒక చెయ్యి ఆనిస్తే చాలు.

"ఒక్క చెయ్యి చాలు మేడమ్, అదే ముఖ్యం" అన్నాడు. ఎందుకు ముఖ్యమో సాయంత్రం వాళ్లింటికి వెళ్లాక తెలిసింది.

బ్రూక్షాబాద్

వాళ్ల ఇల్లు బ్రూక్షాబాద్‌లో మెరక మీద, పోకచెట్ల మధ్య ఉంది. ఒక పక్క బెంగాలీలు, ఒక పక్క తమిళులు, ఎదురుగా రాంచీ వాళ్లు. ఎవరింట్లో ఏది వండినా ఒక గిన్నె గోడ దాటుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ల పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ వచ్చిన మొదటి సాయంత్రమే తమిళావిడ వచ్చి, "మీరేనా కత్తెర టీచరు?" అని హిందీలో అడిగి, మురుకులు పెట్టి వెళ్లింది.

రూతు వంజరం ముక్కలు కొబ్బరిపాలతో పులుసు పెట్టింది. వంజరం అంటే ఇంట్లో పిల్లకు తెలియదు, సుర్మయి అనాలి. చేప చవక, కొబ్బరికాయ చవక. కూరగాయ మాత్రం ఓడ మీద రావాలి కాబట్టి కాలీఫ్లవర్ పువ్వు ధర విని నేను చేతిలోది వెనక్కి పెట్టేశాను. మా ఊళ్లో పీతలు కొనాలంటే ఆలోచిస్తాం, వాళ్లు టమాటాలు కొనాలంటే ఆలోచిస్తారు. భోజనం ముందు ప్రార్థనలో రూతు కూతురు తెలుగు కీర్తన చక్కగా పాడింది. చేతిలో పుస్తకం చూస్తే ఆ తెలుగంతా హిందీ అక్షరాల్లో రాసుకుని ఉంది. మాట వచ్చు, అక్షరం రాదు. ఏ అక్షరంలో ఉంటేనేం, ఉచ్చారణలో తప్పు వెతికే నాకే ఒక్కటీ దొరకలేదు.

వరండాలో పడక్కుర్చీలో ఉన్నాయన శామ్యూల్ తండ్రి దేవదానం గారు. చాతం నుంచి బాంబూ ఫ్లాట్‌కి జనాన్ని దాటించే ఫెర్రీకి ఉద్యోగమంతా చుక్కాని పట్టిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, ఎడమ కాలు ఈడుస్తాడు. నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

"రండి టీచరమ్మా. మా కోడలికి కత్తెర పట్టడం నేర్పింది మీరేనేటి? అందుకే నానేటన్నా మజ్జిలోనే కత్తిరించీస్తాది."

"మావయ్యా!" అంది రూతు లోపలి నుంచి.

"సూసారా?" అన్నాడాయన.

ఆయనకు ఒక్కతే అక్క, సంతోషమ్మ. ఆయన యాసలో అప్ప. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే ఈ తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్లయ్యాక దక్షిణాన ఉన్న లిటిల్ అండమాన్ దీవిలో హట్ బేలో స్థిరపడింది. ఎనభై దాటాయి, మోకాళ్లు పోయాయి, ఇల్లు కదల్లేదు. ఈయనకు జబ్బు చేసిన దగ్గర్నుంచి ఒకరినొకరు చూసుకోలేదు. ఒకసారి ఓడకు టికెట్టు తీశారు. ఓడ నిచ్చెన నిటారుగా ఉంది. ఎవరో మంచివాళ్లు నలుగురు, కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకెళ్తామని ముందుకొచ్చారు. ఈయన జెట్టీ మీద నుంచి వెనక్కి తిరిగి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాడు.

"ఎంతమందిని దాటించాను టీచరమ్మా నాను! నన్ను బస్తాలాగ ఎక్కించీస్తారా? నా కాల్తో నానెక్కాల, నా చేత్తో నాను నడపాల. లేదా ఇక్కడే ఉంటాను."

"వీడియో కాల్‌లో మాట్లాడుకుంటారు కదండీ."

"ఫోన్‌లో మా అప్ప అందరికీ కనబడినట్టే నాకూ కనబడతాది. దానికి నానే ఎందుకు?" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

శామ్యూల్ పాత పడవ తీసుకున్నదీ, రెండో తెరచాప కోసం తిరిగిందీ అందుకు. నడిమి తెరచాపతో చుక్కాని పట్టాలంటే రెండు చేతుల బలం కావాలి. జోడు తెరచాపలైతే ఒక చేతి మనిషి నడపగలడు. ఈ గాలి ఉన్న నెలల్లోనే అది జరగాలి. వచ్చే ఏటి గాలి దాకా అక్క ఉంటుందో ఉండదోనని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరికీ ఆ భయం ఉంది.

పాత తెరచాప, కొత్త గుడ్డ

చెన్నై నుంచి తెప్పించిన తెరచాప గుడ్డ అట్టలా బిరుసుగా ఉంది. దాన్ని పరచడానికి దుకాణం చాలదు, ఇల్లు చాలదు. వాళ్ల తెలుగు చర్చి పాస్టరు గారు హాల్లో బెంచీలన్నీ జరిపించి నేల ఇచ్చారు. ఆదివారం ఆరాధనలోపు ఖాళీ చేయాలన్నది ఒక్కటే షరతు.

మన దగ్గర జాకెట్టు కుట్టాలంటే టేపు పెట్టి కొలవడం కంటే ఆది జాకెట్టు అడగడం ఎక్కువ. సరిపోయే పాతదొకటి ఇస్తే దాన్ని గుడ్డ మీద పరిచి గీసుకుంటాం. నేనూ అదే చేశాను. పాత తెరచాపను ఆదిగా నేల మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, చుట్టూ సుద్దతో గీశాను. నిలువు పట్టీలుగా కోసి, ఒకదాని మీద ఒకటి నాలుగు వేళ్ల వెడల్పున ఎక్కించి కుట్టించాను. లోపల అంత గుడ్డ వదలడం చూసి శామ్యూల్ నవ్వాడు.

"ఇత్తా క్యూఁ మేడమ్? తెరచాప లావవుద్దా?"

"నా చేతి కుట్టులో లోపల వదలకుండా ఏదీ బయటికి పోదు" అన్నాను. అది మా టైలర్ల అలవాటు, దానికి కారణం ఆలోచించలేదు.

కుట్టు పూర్తయ్యేసరికి నాకు ఇంకో అలవాటు అడ్డొచ్చింది. వేసుకున్నాక ఒంటి మీద ఎలా కూర్చుందో చూడకుండా బట్ట అప్పగించడం నా వల్ల కాదు. "నేనూ వస్తాను" అనేశాను. రూతు దుకాణం, పిల్ల బడి వదిలి రాలేదు కాబట్టి పడవలో ముగ్గురం: తండ్రి, కొడుకు, నేను. వాళ్లు అక్కడ వారం ఉండి ఇంజను మీద తిరిగి వచ్చేలా, నేను ఓడలో వచ్చేలా అనుకున్నాం.

చాతం

చాతం దగ్గర రంపపు మిల్లుకు కాస్త అవతల మా పడవ కట్టి ఉంది. పోటు పూర్తిగా ఎక్కే వేళ చూసి బయల్దేరాం, ఎందుకంటే అప్పుడే పడవ అంచూ జెట్టీ అంచూ సమానంగా ఉంటాయి. దేవదానం గారు కుడి చేత్తో తెరచాప కొయ్యకు కట్టిన తాడు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా తనే ఎక్కాడు. శామ్యూల్ చేతులు గాల్లోనే ఉంచి, తగలకుండా వెనకే నిలబడ్డాడు. అటుగా వెళ్తున్న ఫెర్రీలో వాళ్లు ఈయన్ని గుర్తుపట్టి హారన్ కొట్టారు. "దాదా, కహాఁ?" అని ఒకతను కేకేశాడు.

"ఘర్! అప్ప దగ్గరికి!" అని ఈయన అరిచాడు.

నేను మా వెంకన్నకు ఒక దండం, అటుగా ఉన్న చర్చి వైపు ఒక దండం పెట్టుకున్నాను. సముద్రం మీదికి వెళ్లేటప్పుడు పక్షపాతం పనికిరాదు.

రేవు దాటి దక్షిణానికి తిరిగాక శామ్యూల్ రెండు తెరచాపలూ ఎత్తాడు. ఎడమ పక్క పాతది, కుడి పక్క నాది. గాలి నిండగానే చటుక్కున శబ్దమై, పడవ ముందుకు దూకింది. ముప్పయ్యేళ్లు జాకెట్లు, లంగాలు, కర్టెన్లు కుట్టినదాన్ని. నేను కుట్టినది ఏదీ అంతవరకూ మనుషుల్ని మోయలేదు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. పడవ మాటిమాటికీ కుడికి తిరుగుతోంది. దేవదానం గారు చుక్కాని పిడిని బలంగా నెడుతూ దాన్ని దారికి తెస్తున్నాడు, వదిలితే మళ్లీ కుడికి. మధ్యాహ్నానికి ఆయన చేతికి బలం చాలలేదు. మోచెయ్యి ఆనించాడు, తర్వాత ఒళ్లంతా ఆనించాడు. చివరికి శామ్యూల్ వచ్చి మాట్లాడకుండా పిడి అందుకున్నాడు.

"కోయీ బాత్ నహీ నాన్నా. తెరచాపల తాళ్లు తెచ్చి పిడికి కట్టీస్తాను, అదే నడుపుద్ది. లేదా నేను పట్టుకుంటా. నువ్వు కూర్చో."

"నాను మూటనేట్రా కూకోడానికి?" అన్నాడాయన. ఆ తర్వాత చాలా మెల్లగా అన్నాడు: "ఎనక్కి తిప్పీ శామూ. ఇంటికెల్పోదాం."

నేను తల ఎత్తి రెండు తెరచాపలూ చూశాను. పాతది నిండుగా, గుండ్రంగా ఉంది. నాది బిగుసుకుని పలకలా ఉంది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పాత గుడ్డ సాగుతుంది. నేల మీద పరిచినప్పుడు ముడుచుకుని ఉన్నది గాలి తగిలితే సాగి పెద్దదవుతుంది, కొత్త గుడ్డ సాగదు. పదిసార్లు ఉతికిన ఆది జాకెట్టుతో కొత్త బట్ట కొలవకండర్రా, బిగుతవుతుంది అని ఏటేటా పిల్లలకు చెప్పి, ఇక్కడ నేనే ఆ పని చేశాను. ఒక ఎద్దు బలంగా లాగుతుంటే రెండోది వెనకబడింది, బండి పక్కకు పోతోంది.

"తప్పు నాది దేవదానం గారూ. మీ చేతిది కాదు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "నాకొక్క రోజివ్వండి. సరిచేస్తాను. అప్పటికీ కాకపోతే తిప్పేద్దాం" అన్నాను. ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. శామ్యూల్ దాన్నే ఊఁ కింద తీసుకున్నాడు.

చిడియా టాపు

చిడియా టాపు, అంటే పక్షుల దీవి, దక్షిణ అండమాన్‌కి చివరి కొస. రోడ్డు అక్కడితో సరి. సూర్యాస్తమయం చూడ్డానికి జనం వస్తారు, చూసి పోతారు. మేం ఆ ఒడ్డున లంగరు వేసి, రూతుకు ఫోన్ చేశాం. మర్నాడు ఉదయం బస్సులో, చేత్తో తిప్పే పాత మిషన్ ఒళ్లో పెట్టుకుని దిగింది. "బస్సులో అందరూ నన్నూ మిషన్‌నీ మార్చి మార్చి చూశారు మేడమ్" అంది.

ఒడ్డున టీ కొట్టు ఫూల్‌మణిది. రాంచీ వాళ్లావిడ, నా వయసుంటుంది. తెరచాప చంకనేసుకుని వచ్చిన మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. బల్ల తుడిచింది, గ్లాసులు ఎత్తి పక్కన పెట్టింది. "బైఠో దీదీ, యహీఁ సిలో" అని తన అంగడంతా మాకు ఇచ్చేసింది. మధ్యాహ్నం దాకా గిరాకీకి నిలబడే టీ పోసింది. మనవైపు ఇలా అడిగితే ముందు ఎంతసేపు పడుతుందని అడుగుతారు. నేనైనా అడుగుతాను.

రూతూ నేనూ నిలువు అతుకులు విప్పడం మొదలుపెట్టాం. పైనా కిందా కొసలు అలాగే ఉంచి, నడిమి భాగంలో మాత్రం లోపల వదిలిన గుడ్డలోంచి రెండేసి వేళ్లు బయటికి ఇచ్చి మళ్లీ కుట్టాలి. జాకెట్టుకు ఛాతీ దగ్గర వదులు చేసినట్టే. అప్పుడు పాతదానిలా దీనికీ బొజ్జ వస్తుంది. మిషన్ రూతు తిప్పుతుంటే బిరుసు గుడ్డను సూది కింద నిలకడగా పట్టడానికి మనుషులు కావాలి. ఎవర్నీ పిలవలేదు. బీచి కాపలా ఆయన టోపీ తీసి పక్కన పెట్టి ఒక కొస పట్టాడు. హనీమూన్‌కి వచ్చిన కొత్త జంట ఇంకో కొస పట్టారు. ఆ అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. పక్షులు చూడ్డానికి వచ్చి, పక్షులు మానేసి, వాళ్లు మూడు గంటలు నా తెరచాప పట్టుకున్నారు. నాలుగు సూదులు విరిగాయి. నా బొటనవేలు ఒకసారి కుట్టులో పడింది, అచ్చ తెలుగులో నేను అన్న మాటకు రూతు ఒక్కతే ఎర్రబడింది.

ఫూల్‌మణి పకోడీలు తెచ్చి పెట్టింది. డబ్బిస్తే టీకి మాత్రం తీసుకుంది. పకోడీలకు ఎందుకు తీసుకోవని రూతు అడిగితే, పడవలో ఉన్న ఆ ముసలాయన ఎవరని తిరిగి అడిగింది. రూతు అక్కా తమ్ముళ్ల సంగతి హిందీలో చెప్పింది. ఫూల్‌మణి కొంగుతో చేతులు తుడుచుకుని, ఇంకో పొట్లం కట్టి, "బాబా కో దేనా" అని ఇచ్చింది. తనకూ ఒక తమ్ముడున్నాడట, ఎక్కడున్నాడో చాలా ఏళ్లుగా తెలియదట. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు హిందీ ఇంకేమీ రాలేదు.

పొద్దు వాలేలోపు పని అయింది. జనమంతా అస్తమయం వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటుంటే మేం తెరచాప చుట్టి పడవెక్కించాం. పకోడీలు చూసి దేవదానం గారు, "ఉల్లిపాయ తక్కువేసింది" అన్నాడు. అన్నీ తిన్నాడు.

నడిమి సముద్రం

తెల్లవారుతుండగా బయల్దేరాం. దక్షిణ అండమాన్‌కీ లిటిల్ అండమాన్‌కీ మధ్య ఒక పగటి ప్రయాణమంత సముద్రం ఉంది. దాన్ని డంకన్ పాసేజ్ అంటారు. శామ్యూల్ తెరచాపలు రెండూ ఎత్తి గెడలు కట్టి పక్కకు తప్పుకున్నాడు. దేవదానం గారు పిడి మీద కుడి అరచెయ్యి ఆనించాడు. నేను గాలి దేవుడికి కూడా ఒక దండం పెట్టుకున్నాను.

పడవ తిన్నగా పోయింది. ఆయన రెండు వేళ్లు తీశాడు. పోయింది. చెయ్యి మొత్తం ఎత్తాడు, కాస్త ఆగి చూశాడు, మళ్లీ దించాడు.

"సరిపోనాది టీచరమ్మా" అన్నాడు.

ఆ ఒక్క ముక్కకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సర్వీసులో ఎన్ని సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టానో తెలియదు గానీ, నాకు దొరికింది మాత్రం అదే.

అయితే ఈ జోడు తెరచాపల గురించి శామ్యూల్ నాకు చెప్పని సంగతి ఒకటుంది. పడవ తిన్నగా పోతుంది, నిలకడగా మాత్రం ఉండదు. ఒక పక్కకు ఒత్తిపట్టే నడిమి తెరచాప లేదు కదా, అటొకసారి ఇటొకసారి ఒకటే ఊగుడు. రూతు కట్టిచ్చిన పులిహోర గిన్నె బోర్లాపడి అడుగంతా పసుపయింది. నా సంగతి ఇంకా అన్యాయం. ఎడమకు ఒరిగినప్పుడు ఎడమ పక్క, కుడికి ఒరిగినప్పుడు కుడి పక్క సముద్రానికి నా ఫలహారం సమర్పించుకున్నాను. దేవదానం గారు శొంఠి ముక్క ఇచ్చి, "దూరంగా గీత సూడండి, కిందకి సూడకండి" అన్నాడు. దూరంగా గీత మీద రెండు చిన్న దీవులు కనబడ్డాయి. వాటిని సిస్టర్స్ అంటారని శామ్యూల్ చెప్పాడు. వాటినే చూస్తూ కూర్చుంటే కాస్త నయమైంది. మధ్యలో ఒక ఎగిరే చేప వచ్చి నా ఒళ్లో పడింది. నేను పెట్టిన కేకకు అదే భయపడి ఉంటుంది. దాన్ని తిరిగి నీళ్లలో వేసేశాను.

దీవులు దాటాక గాలి పెరిగింది, అలలు వెనక నుంచి పడవను ఎత్తి తోయసాగాయి. శామ్యూల్ ముందుకు పాకి, ఒక్క తాడు లాగి రెండు తెరచాపల్నీ కలిపి కొంత చుట్టాడు. ఆ పని చేస్తుండగానే ఒక పెద్ద అల వెనక భాగాన్ని పక్కకు నెట్టింది. పిడి దేవదానం గారి చేతిలోంచి జారబోయింది. ఆయన పళ్లు బిగించి పట్టుకున్నాడు. ఇంకో అల వచ్చేలా ఉంది.

"టీచరమ్మా, మీ సెయ్యొకటి ఇలా ఎయ్యండి."

"శామ్యూల్‌ని పిలవనా?"

"ఒద్దు. ఆడొస్తే మొత్తం ఆడే తీసీసుకుంటాడు. మీకు రాదు కదా, నాను సెప్పినంతే సేస్తారు."

నా బతుకులో ఇంత మంచి కితాబు ఇంకోటి లేదు. వెళ్లి ఆయన ఎడమ పక్కన కూర్చుని పిడి మీద చెయ్యి వేశాను. "నెట్టండి... సాలు... ఒదిలీయండి" అని ఆయన చెబుతుంటే చేశాను. ముందు నుంచి శామ్యూల్ వెనక్కి తిరిగి చూశాడు. దగ్గరికి రాబోయి, ఏమనుకున్నాడో, అక్కడే తాడు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆయన పిడి వదల్లేదు, నేను సముద్రాన్ని తిట్టడం ఆపలేదు. లిటిల్ అండమాన్ నల్లటి చెట్ల గీతలా పైకి లేచింది.

హట్ బే

హట్ బేలో సముద్రానికి అడ్డంగా కట్టిన పొడుగాటి రాతి గోడ వెనక్కి రాగానే అలలు ఆగిపోయాయి. తెరచాపలు చుట్టేసి చిన్నగా ఇంజను వేసుకుని జెట్టీ దగ్గరికి వెళ్లాం. అప్పుడు చూశాం. నీళ్లు పూర్తిగా తీసి ఉన్నాయి. చాతంలో పడవ అంచుకు సమానంగా ఉన్న జెట్టీ అంచు, ఇక్కడ మా తలలకంటే ఎత్తున ఉంది. ఇనుప నిచ్చెనకు పాచి పట్టి ఉంది. రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్న నాకే దాన్ని చూసి గుండె జారింది.

దేవదానం గారు ఆ నిచ్చెన కొస దాకా చూసి, తల దించుకున్నాడు.

"పోటు వచ్చేదాకా ఆగుదాం నాన్నా" అన్నాడు శామ్యూల్.

"చీకటడిపోద్ది కదరా" అన్నాడాయన. ఇంత దూరం వచ్చి అక్కడ ఆగిపోతామేమోనని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పైన జెట్టీ మీద మాటలు వినబడ్డాయి. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నలుగురు మనుషుల భుజాల ఎత్తున వస్తోంది. మేం వస్తున్నామని రూతు ముందే ఫోన్ చేసి చెప్పిందట. అందులో తెల్లచీర కట్టుకున్న సన్నటి ముసలావిడ, రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. వాళ్లు జెట్టీ అంచుకు కాస్త ఇవతల కుర్చీ దించారు. ఆవిడ మెడ సాచి కిందికి చూసింది.

"అప్పా!" అన్నాడు దేవదానం గారు. "నిన్ను మోసుకొచ్చారా?"

"మరేటి, నానెగిరొస్తానా? బజారంతా సూసినారు, సూడనీ. నువ్వేటి, అక్కడే కూకున్నావు?"

"నీరు తీసీసినాదప్పా. ఎక్కలేను."

"ఎక్కలేకపోతే ఎత్తమను. నీకు సిగ్గయితే కళ్లు మూసుకో. నాకు మాత్రం నువ్వు కావాల."

ఆయన కాసేపు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు. అలలు లేవు, గాలి లేదు, దాన్ని పట్టుకోవాల్సిన పనే లేదు. తర్వాత వదిలేశాడు.

"శామూ, ఆ కుర్చీ దింపించరా" అన్నాడు.

కుర్చీకి తాళ్లు కట్టి దించారు. శామ్యూల్ తండ్రిని ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ మనిషి కొడుకు చేతుల్లో ఎంత తేలిగ్గా ఉన్నాడో చూసి నేను పక్కకు తిరిగాను. పైనుంచి ముక్కూ మొహం తెలియని మనుషులు, తమిళులో బెంగాలీలో నికోబారీలో, పేర్లు కూడా అడగలేదు, "ఆరామ్ సే, దాదా, ఆరామ్ సే" అంటూ లాగారు. ఆయన కళ్లు మూసుకోలేదు. పైకి వెళ్తున్నంతసేపూ అక్క మొహమే చూస్తూ వెళ్లాడు. ఆవిడను ఈలోపు ఒక చేపల పెట్టె మీద కూర్చోబెట్టారు. ఆయన్ని ఆవిడ పక్కనే దించారు.

ఆవిడ ఆయన పడిపోయిన చేతిని ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, కొంగుతో ఉప్పు తుడిచింది. నేను నిచ్చెన ఎలా ఎక్కానో నాకు తెలియదు, ఎక్కేసరికి ఆవిడ అడుగుతోంది:

"ఎన్నాళ్లుంటావు?"

వారం అని శామ్యూల్ చెప్పబోయాడు. దేవదానం గారు చెయ్యెత్తి ఆపాడు.

"ఈ తెరచాపలకి ఎదురు ఎల్లడం రాదప్పా. గాలి తిరిగినదాకా ఉంటాను."

అది జనవరి. గాలి తిరగాలంటే మే నెల గడవాలి. శామ్యూల్ నోరు తెరిచి, ఇంజను వైపు ఒకసారి చూసి, మూసుకున్నాడు. సంతోషమ్మ మాత్రం వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"అయితే మా చెట్టు మామిడికాయలు తినీసి ఎల్దువుగాని" అంది.